క్రీడాగురువు రహీం సాహెబు

సాయంకాలము బడిగంట మ్రోగిన పిమ్మట ఆటస్థలములో ఫుట్‌బాలాడు బాలురను కొంతసేపు పరిశీలించినచో ఒక సంగతి తెలియును. దాదాపు అందరును బంతిని కుడికాలితోనే తన్నుదురు. బంతి ఎడమకాలి వద్దకు వచ్చినను, ఒక యడుగు ప్రక్కకు జరిగి, కుడికాలికి అందునట్లు చేసికొని, ఆ తరువాత తన్నుదురు. ఆ ఒక్క క్షణమే ఎదుటివానికి చాలును. వాడు వచ్చి బంతిని లాగికొని పోవును. ఈ లోపమును గుర్తించి, దానిని దిద్దుటకై, బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు జరిపిన ఉపాధ్యాయు డొకరు పూర్వము హైదరాబాదు నగరమున నుండిరి. భారతదేశపు ఫుట్‌బాలు జట్టు ఆసియా క్రీడలలో రెండుమారులు బంగారు పతకము గెలిచినది. ఒలింపిక్ క్రీడలలో ఒకమారు నాలుగవ స్థానము పొందినది. ఈ మూడు సందర్భములందును ఆ జట్టునకు శిక్షణ మిచ్చినవారు ఆ ఉపాధ్యాయుడే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రందరును ఆయనను రహీం సాహెబని గౌరవముతో పిలిచెడివారు.

రహీం గారిని మనవారని చెప్పుకొనుటకు రాయచూరు జిల్లా వాసులకు కొంత హక్కు కలదు. 1956 నవంబరు 1వ తేదీ వరకు మన జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదే. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ భాషలు మాటలాడు ప్రజలు ఆ రాష్ట్రమున ఇరుగుపొరుగుగా నివసించిరి. రహీం గారు ఆ రాష్ట్రపు రాజధానిలో జన్మించి, ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున చదివి, అక్కడి బడులలో పాఠములు చెప్పి, అక్కడి పిల్లలనే దేశమునకు ఆటగాండ్రుగా అందించిరి. కావున ఆయన చరిత్ర మన పెద్దల కాలపు చరిత్రయే.

మూసీనది వరదలు హైదరాబాదును ముంచివేసిన మరుసటి సంవత్సరము, 1909 ఆగస్టు 17వ తేదీన, రహీం గారు జన్మించిరి. ఆయనకు తొమ్మిదేండ్ల వయస్సు వచ్చుసరికి, అనగా 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. ఉన్నతవిద్యను ఆంగ్లములో గాక ఉర్దూలో బోధింపవలెనని ఆ విశ్వవిద్యాలయము సంకల్పించెను. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయపు చదువు సాగించుట ఆనాడు మన దేశమున క్రొత్త ప్రయత్నము. అందుకై గణితము, ప్రకృతిశాస్త్రములు, చరిత్ర మొదలగువాని గ్రంథములను ఉర్దూలోనికి అనువదించుటకు ప్రత్యేకమైన శాఖనే ఏర్పరచిరి. అయితే ఆ భాష రాష్ట్రమున అధికసంఖ్యాకులకు మాతృభాష కాదు. తెలుగు, కన్నడ, మరాఠీ కుటుంబముల బాలురు మరియొక భాషను నేర్చుకొనియే అక్కడ చదువవలసి యుండెను.

రహీం గారు ఈ విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రులైరి. నేడు మనము చిత్రములలో చూచు ఆర్ట్సు కళాశాల మహాభవనము ఆనాటికి లేదు. దాని ప్రారంభోత్సవము 1939లో జరిగినది. భవనములు లేకున్నను ఆటలుండెను. రహీం గారు విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టులో ఆడి పేరు గడించిరి. అమెరికా దేశమున ఫుట్‌బాలనగా వేరొక ఆట. అక్కడ కోడిగ్రుడ్డు ఆకారమున నుండు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుదురు. ఆ దేశపు పెద్ద విశ్వవిద్యాలయములు తమ జట్ల కొరకు వేలకొలది జనులు కూర్చుండదగిన క్రీడామందిరములను కట్టించి, శిక్షకులకు గొప్ప జీతము లిచ్చుచుండును. మన రహీం గారికి అట్టి సౌకర్య మేదియు లభింపలేదు. ఆయన విశ్వవిద్యాలయమునుండి బయటకు తెచ్చుకొనినవి పట్టమొకటి, ఆటమీది ప్రేమ యొకటి. ఈ రెండింటితో ఆయన బడిపంతులైరి.

కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలగు చోట్ల ఆయన ఉపాధ్యాయులుగా పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, పాఠములతోపాటు ఆటల బాధ్యతను గూడ వహించిరి. రహీం గారి గొప్పతనమునకు మూలమిక్కడనే యున్నదని చెప్పవచ్చును. తరగతిలో మంచి ఉపాధ్యాయు డేమి చేయును? పిల్లవానికి వచ్చిన పాఠమునే మరల మరల చెప్పించి సంతోషింపడు. రాని పాఠమేదో కనుగొని దానిని నేర్పును. ఆటస్థలములో రహీం గారు చేసినదియు నదియే.

1940 తరువాతి సంవత్సరములలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి యైరి. హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులై, కడవరకు ఆ బాధ్యతను విడువలేదు. ఆయన పద్ధతులు ఆనాటివారికి వింతగా తోచెను. మన దేశమున ఆటగాండ్రు బంతిని తమ కాలివద్దనే యుంచుకొని, నలుగురిని తప్పించుకొని పోవుటయే గొప్ప విద్యగా తలంచెడివారు. చూచువారికి అది కనులపండువే గాని, జట్టునకు దానివలన కలుగు లాభము స్వల్పము. రహీం గారు ఈ అలవాటును మాన్పుటకై, బంతిని కాలివద్ద నిలుపుకొని పోరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు జరిపిరి. బంతి వచ్చిన వెంటనే ఒక్క తాకుతో తోడివానికి అందింపవలెను; అందించి తాను ఖాళీస్థలమునకు పరుగెత్తవలెను. మనిషికంటె బంతి వేగముగా పోవునను చిన్న సత్యముపై ఆయన విద్య యంతయు నిలిచినది. బలహీనమైన కాలితో ఆడు పోటీలు గూడ ఇట్టివే.

ఆటగాండ్రను నిలుపు విధానమునందును ఆయన మార్పులు తెచ్చిరి. ఆ రోజులలో ముందువరుస మధ్యనుండు ఆటగాడు ఎదుటి గోలు దగ్గరనే కనిపెట్టుకొని యుండెడివాడు. రహీం గారు 1950 తరువాతి తొలి సంవత్సరములలో ఆ ఆటగానిని వెనుకకు రప్పించి ఆడించిరి. అతనిని వెంబడించి ఎదుటి రక్షకుడు ముందుకు వచ్చినచో, వాని వెనుక ఖాళీ యేర్పడును. ఆ ఖాళీలోనికి తక్కినవారు చొరబడుదురు. వెంబడింపక నిలిచినచో, వెనుకకు వచ్చిన ఆటగాడు అడ్డులేక బంతిని పంచిపెట్టును. రెండు విధముల ఎదుటివారికి చిక్కే. హంగరీ దేశపు జట్టు ఇట్టి పద్ధతితోనే 1953లో ఇంగ్లండును వారి వెంబ్లీ మైదానములో 6–3 గోలులతో ఓడించి ప్రపంచమును ఆశ్చర్యపరచినది. ఇంచుమించుగా ఆ దినములలోనే హైదరాబాదు పోలీసు మైదానమున ఒక పంతులు తన శిష్యులకు ఆ విద్య నేర్పుచుండెను.

ఫలితము శీఘ్రముగా కనబడినది. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు గెలిచినది. ఢిల్లీలో జరుగు డ్యూరాండు కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలోను, ఆంధ్ర పోలీసు జట్టను పేరుతో 1961లోను గెలిచినది. 1950లో డ్యూరాండు తుదిపోటీలో వారిచేత ఓడినది కలకత్తాకు చెందిన సుప్రసిద్ధమైన మోహన్ బగాన్ జట్టు. ఆ పోలీసు జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, ఆంథోనీ పాట్రిక్ మొదలగువారు ఆడిరి. వారి మతములు వేరు, ఇంటి భాషలు వేరు. మైదానములో అందరిదియు రహీం గారు నేర్పిన ఒక్కటే ఆట.

1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. భారత జట్టునకు రహీం గారు శిక్షకులు. శైలేన్ మన్నా నాయకుడు. బెంగుళూరునకు చెందిన అహమ్మద్ ఖాన్ ఆ జట్టులోని మేటి ఆటగాండ్రలో నొకడు. ఇండోనేషియాను, ఆఫ్గనిస్తానమును ఓడించి, తుదిపోటీలో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరానును జయించి, మనవారు బంగారు పతకము నందిరి. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లయినను నిండని దేశమునకు అది గొప్ప ఉత్సాహము నిచ్చినది.

కాని విజయము వెనువెంటనే పరాభవము వచ్చినది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా జట్టు మనవారిని 10–1 గోలులతో ఓడించినది. మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్ళతో ఆడిరి. ఆ చలిదేశపు మైదానమున, బూట్లు తొడిగిన బలిష్ఠుల ముందు, వట్టికాళ్ళు నిలువలేకపోయినవి. మన పల్లెలలో పిల్లలు నేటికిని వట్టికాళ్ళతో బంతి నాడుచునే యున్నారు. అందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. అయితే ప్రపంచముతో పోటీపడునప్పుడు ప్రపంచము వాడు సాధనములను మనమును నేర్వవలెను. ఈ ఓటమి తరువాత బూట్లు తొడిగియే ఆడవలెనను నియమము దేశమున ఏర్పడినది. పది గోలులతో ఓడిన జట్టుకు శిక్షకుడైనవాడు సిగ్గుతో వృత్తిని వదలి యుండవచ్చును. రహీం గారు వదలలేదు. మరల హైదరాబాదు మైదానమునకు వచ్చి, మరల మొదటి పాఠమునుండి ఆరంభించిరి.

ఆయన ఆటగాండ్రను వెదకునది ధనవంతుల యిండ్లలో గాదు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను తమిళ కుటుంబపు పేదబాలు డుండెను. అతని ఆటను చూచి రహీం గారు శిక్షణకు రమ్మని పిలిచిరి. అమ్ముగూడనుండి నగరమునకు వచ్చిపోవుటకు ఆ బాలునివద్ద డబ్బు లేదు. ఆ సంగతి తెలిసికొని, రహీం గారు అతని రాకపోకలకు సైకిలు సదుపాయము కలిగించిరని ఆ కాలపువారు చెప్పుదురు. ఆ బాలుడే తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో దేశము తరపున ఆడి, భారతదేశపు ఉత్తమ ఆటగాండ్రలో నొకడుగా కీర్తింపబడెను. ఒక సైకిలు లేనందున ఎంతటి ప్రతిభ మరుగున పడియుండెడిదో తలచిన భయము కలుగును.

1956 నవంబరు నెలలో రాష్ట్రముల పునర్విభజన జరిగినది. హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములైనది. తెలంగాణము ఆంధ్రప్రదేశమునందును, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునందును, మన రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాలు మైసూరు రాష్ట్రమునందును చేరినవి. సరిగా నెల దినములకు, డిసెంబరు 1వ తేదీన, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున, రహీం గారి శిష్యులు ఆస్ట్రేలియా జట్టును దాని స్వదేశములోనే 4–2 గోలులతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో ఆసియా ఖండపు జట్టొకటి చివరి నాలుగింటిలో చేరుట అదే మొదలు. తరువాత యుగోస్లావియాతో జరిగిన పోటీలో మనవారు ముందు ఒక గోలు కొట్టియు 1–4 తేడాతో ఓడిరి. బల్గేరియాతో 0–3 తేడాతో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. నాలుగేండ్ల క్రిందట పది గోలులు పెట్టిన దేశమును ఒక గోలుతో వెనుకబడునట్లు చేయుట సామాన్యమా? ఆ జట్టులో హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. రాష్ట్రము పటమునుండి తొలగినను హైదరాబాదు జట్టు ఆ పేరుతోనే 1956–57, 1957–58 సంవత్సరములలో జాతీయ పోటీయైన సంతోష్ ట్రోఫీని గెలిచినది.

1960 రోము ఒలింపిక్ క్రీడలలో పి. కె. బెనర్జీ నాయకత్వమున మన జట్టు హంగరీతో 1–2 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1–1గా సరిసమానముగా నిలిచి, పెరూతో 1–3 తేడాతో ఓడెను. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గూడ ఒక సభ్యుడు. కాని ఒక్క పోటీలోనైనను మైదానమున దిగి ఆడు అవకాశము అతనికి రాలేదు. శిక్షకుని కుమారుడన్న కారణముచేత అతనికి ప్రత్యేకమైన స్థానము లభింపలేదని దీనివలన తెలియుచున్నది. హకీం తరువాత వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరై, అంతర్జాతీయ పోటీలకు రెఫరీగా నుండి, ధ్యాన్ చంద్ పురస్కారము నందెను. ఆయన 2021 ఆగస్టు నెలలో మనకు సమీపముననున్న గుల్బర్గాలో కన్నుమూసెను.

ఇక రహీం గారి జీవితములో చివరి ఘట్టము. 1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధానియైన జకార్తాలో జరిగినవి. అప్పటికే ఆయన ఊపిరితిత్తులలో క్యాన్సరు వ్యాధి ప్రవేశించినది. ఆయాసముతో మాటిమాటికి కూర్చుండిపోవుచునే శిష్యులను ఆ క్రీడలకు సిద్ధము చేసిరి. మొదటి పోటీలోనే మనవారు దక్షిణకొరియా చేతిలో 0–2 తేడాతో ఓడిరి. థాయిలాండును 4–1 తేడాతో ఓడించినను, ఆ పోటీలో రక్షకుడు జర్నయిల్ సింగు తలకు పెద్ద గాయమై కుట్లు వేయవలసి వచ్చినది. జపానును 2–0 తేడాతో జయించిన తరువాత, దక్షిణ వియత్నాముతో జరిగిన పోటీలో రహీం గారు ఎవరును ఊహింపని పని చేసిరి. తలకు కట్టుతోనున్న జర్నయిల్ సింగును వెనుకనుండి తీసి ముందువరుస నడుమ నిలిపిరి. అతడు గోలు కొట్టెను. మనవారు 3–2 తేడాతో గెలిచిరి.

తుదిపోటీ సెప్టెంబరు 4వ తేదీన మరల దక్షిణకొరియాతోనే. ఇస్రాయేలు, తైవాను దేశములను ఆ క్రీడలకు రానీయకపోవుటనుగూర్చి భారతీయ ప్రతినిధి యొకరు ఆక్షేపించి యుండుటచే, జకార్తా ప్రజలు మనవారిపై ఆగ్రహముతో నుండిరి. భారత రాయబార కార్యాలయముపై దాడి జరిగినది. లక్షమందికి తగ్గని జనము కోపముతో కేకలు వేయుచుండగా మన పదునొకండుగురు మైదానమున దిగిరి. గోల్‌కీపరు పీటరు తంగరాజు జ్వరపడి లేచినవాడు; జర్నయిల్ సింగు తలగాయము మానలేదు; గురువు రోగపీడితుడు. ముందటి రాత్రి రహీం గారు శిష్యులను చేరబిలిచి, తనకు రేపు ఒక కానుక కావలెనని, అది బంగారు పతకమని అడిగిరట. ఆట మొదలైన ఇరువది నిమిషములలో బెనర్జీ ఒక గోలు, జర్నయిల్ సింగు ఒక గోలు కొట్టిరి. కొరియావారు ఆట ముగియవచ్చు వేళకు ఒక గోలు మాత్రమే తీర్చగలిగిరి. 2–1 తేడాతో భారతదేశము గెలిచెను. శిష్యులు గురుదక్షిణ చెల్లించిరి.

అటుపిమ్మట రహీం గారు ఏడాదియైనను జీవింపలేదు. 1963 జూన్ 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయస్సున, పరమపదించిరి. క్రీడాశిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము ఏర్పడినది 1985లో. అది చూచుటకు ఆయన లేరు. ఆయన తరువాత భారత ఫుట్‌బాలు జట్టు ఆసియా క్రీడలలో మరల బంగారు పతకము గెలువలేదు. ఒలింపిక్ క్రీడలలో ఆడనేలేదు. చిరకాలము ఆయన పేరు హైదరాబాదు పాత ఆటగాండ్ర నోళ్ళలోనే మిగిలెను. 2024లో ఆయన జీవితమాధారముగా మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడిన పిమ్మట నేటి పిల్లలకు ఆయన పేరు కొంత తెలిసినది.

బాలబాలికలారా! ఈ చరిత్రలో మనము ముఖ్యముగా గ్రహింపవలసిన దేమి? మన పాఠశాల కన్నడ దేశమున నున్న తెలుగు పాఠశాల. సింధనూరు, మాన్వి ప్రాంతపు క్యాంపులలో నివసించు తల్లిదండ్రులు, నగరములోని తల్లిదండ్రులు గూడ, ఒక ప్రశ్నతో కలతపడుచుందురు. తెలుగులో చదివిన బిడ్డ కన్నడములోను, ఆంగ్లములోను వెనుకబడునేమో యన్నది వారి భయము. ఆ భయము నిరాధారమని త్రోసివేయుట తగదు. కాని దానికి ఔషధము రహీం గారి మైదానమున దొరకును. ఆయన బలహీనమైన కాలికి శిక్షణ మిచ్చిరి గాని, బలమైన కాలిని విరుగగొట్టుకొమ్మని యెవరికిని చెప్పలేదు. మాతృభాష మన బలమైన కాలు. దానిమీద నిలిచియే రెండవకాలికి సాధన చేయవలెను. తెలుగు చక్కగా చదువుచు, మనకు నీడనిచ్చిన ఈ నేల భాషయైన కన్నడమును ప్రేమతో నేర్చి, ఆంగ్లమును శ్రమతో సాధించిన విద్యార్థికి బంతి ఏ ప్రక్కనుండి వచ్చినను భయము లేదు.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఆటస్థలమున గడపిన గంట వృథా యని తలంపకుడు. రహీం గారు ఆటను చదువునకు శత్రువుగా చూడలేదు. ఆయనకు రెండును ఒకే వృత్తిలోని భాగములు.

రేపు సాయంకాలము బడి విడిచిన పిదప, బంతి మీ ఎడమకాలి వద్దకు వచ్చినప్పుడు ప్రక్కకు జరుగకుడు. ఆ కాలితోనే తన్నుడు. మొదట బంతి ఎటో పోవును, తోడివారు నవ్వుదురు. నవ్వనిండు. పది దినములు విడువక సాధన చేయుడు. ఆ పంతులు గారిని స్మరించుటకు ఇంతకంటె తగిన పద్ధతి మరియొకటి కానరాదు.